వీల్ అంటే చక్రం కాదు

మూయకండి, పెంగెల్లీ గారూ. మీరు నోరు మూస్తే నాకు పని సాగదు. ఇంకొంచెం తెరవండి. ఆఁ, అంతే. తెరవాల్సినప్పుడు ఈ నోరు తెరవలేదు మీరు. ఇవాళ నేను సరే అనేదాకా మూయడానికి లేదు.

ఏం, అలా బిగుసుకుపోయారు? నొప్పా? నొప్పేస్తే ఎడమ చెయ్యి ఎత్తమని మొదట్లోనే చెప్పాను కదా. ఎత్తలేదు. అంటే నొప్పి కాదు. పెదవి మొద్దుబారిందా? నాలుక కూడానా? మంచిది. ఇంకో రెండు గంటల దాకా అది మీ మాట వినదు.

నన్ను గుర్తుపట్టలేదు మీరు. పట్టరు లెండి. మాస్కు ఉంది, అద్దాలున్నాయి, అయినా పళ్ళు గీకే మనిషి మొహం ఎవరు చూస్తారు? లోపలికి వస్తూనే "ఎలా ఉన్నావు బంగారం" అన్నారు. మన కార్న్‌వాల్‌లో అందర్నీ అలాగే అంటారనుకోండి, చేపలమ్మే ఆవిణ్ణీ, పోలీసునీ కూడా. కానీ ఇల్లు చూపించిన రోజు మీరు నన్ను గదికోసారి బంగారం అన్నారు. వంటింట్లో రెండుసార్లు.

కెరెన్సానండీ. వీల్ పేషెన్స్ వీధి, ఏడో నంబరు, పచ్చ తలుపు. ఇళ్ళమ్మిపెట్టే ఏజెంటుగా తాళాలు నా చేతిలో పెట్టింది మీరే.

ఇదిగో, ఇప్పుడెత్తారు చెయ్యి. దించండి. ఇది ఆ నొప్పి కాదు.

లేచి పోదామనా? పోండి, ఎవరు పట్టుకున్నారు? కాకపోతే కింది కుడిపక్క సగమే అయింది. అరచెంప వేలాడేసుకుని, చొంగ కారుకుంటూ మీ ఆఫీసు దాకా బజారు వీధిలో నడిచి వెళ్ళాలి. శుక్రవారం, సంత రోజు. అందరూ పలకరిస్తారు. ఆలోచించుకోండి.

అదీ. వెనక్కి వాలండి.

భయపడకండి. పనిలో పగ కలపను నేను. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఊరి చిగుళ్ళు శుభ్రం చేస్తున్నాను, అనవసరంగా ఒక్క చుక్క రక్తం కారనివ్వలేదు. నా పగంతా నోట్లోనే ఉంది, చేతుల్లో లేదు. మీకు చెవులు పనిచేస్తే చాలు.

మీరెప్పుడూ హెలెన్ దగ్గరికి కదా వచ్చేది. హెలెన్ ఇవాళ సెలవు. అడిగి మరీ పెట్టించాను. ముందు గదిలో ఫోనెత్తే బెవ్ ఉందే, మీ పేరు చూసి, నా వంక చూసి, మిమ్మల్ని నా పేరు కిందికి మార్చేసింది. బెవ్ అలాంటిది. ఇప్పుడు నేనుండేది కూడా వాళ్ళింట్లోనే, వెనక గదిలో, ఇస్త్రీ బల్ల పక్కన మంచం వేసుకుని. నలభై మూడేళ్ళ మనిషిని.

పళ్ళు చూస్తే మీవి బాగుంటాయండీ. పైకి తెల్లగా, వరుసగా. ఎవరైనా చూసి మోసపోతారు. చిగురు కింద గొయ్యి ఎంత లోతుందో కొలవడమే నా పని. మూడు మిల్లీమీటర్ల దాకా పరవాలేదు. మీకిక్కడ ఆరు. ఇక్కడ... ఇక్కడా ఆరే. పైన చూస్తే తెలియదు. కొలిచేవాళ్ళు కొలిస్తేనే తెలుస్తుంది.

ఇల్లూ అంతే కదా.

గుర్తుందా మీకు, నేను ఇచ్చిన ధరకి ఇంటివాళ్ళు ఒప్పుకున్నారని మీరు ఫోన్ చేసిన రోజు? ఆ రోజు నేను మీ ఆఫీసుకి కొత్త బూట్లేసుకుని వచ్చాను. మా అమ్మ అరవై రెండేళ్ళు బతికింది, సొంత తలుపు లేకుండా పోయింది. నేను మా వంశంలోనే మొదటిదాన్ని, ఇల్లు కొనడం. నాకేం తెలుసు? లాయరు ఒకరు ఉండాలి, కాగితాలు చూడాలి, భూమి కిందా మీదా ఏముందో వెతికించాలి అని మాత్రం విన్నాను.

"ఏ లాయరు మంచివాడండీ" అని మిమ్మల్నే అడిగాను. చూశారా, నక్కని పిలిచి కోళ్ళగూడు ఎలా కట్టాలని అడిగినట్టు.

మీరు సొరుగు తెరిచారు. పైనే ఉంది కార్డు. నీలం రంగు, మెరిసే అక్షరాలు. మూడొందల మైళ్ళ అవతల ఏదో పట్నంలో కంపెనీ. "ఇక్కడి ముసలి లాయర్లు కాగితం కదపడానికి ఏళ్ళు తీసుకుంటారు బంగారం, డ్రెక్లీ డ్రెక్లీ అంటూ. వీళ్ళయితే అన్నీ ఫోన్లోనే, సగం ఖర్చు" అన్నారు. డ్రెక్లీ అంటే ఎంతసేపో మనిద్దరికీ తెలుసు. ఇవాళా కావచ్చు, వచ్చే ఈస్టర్‌కీ కావచ్చు. నవ్వాను. కార్డు పర్సులో పెట్టుకున్నాను.

బెవ్ అప్పుడే చెప్పింది, ఒద్దే అని. "ఇంటి లాయర్ని సూటు చూసి ఎంచుకోకు, బూట్లు చూడు. మన మట్టి అంటుకుని ఉందా లేదా చూడు" అంది. నేను విన్నానా? లేదు. ఎందుకు వినలేదో తర్వాత చెప్తాను. అది మీరు కూడా వినాలి. అది మీకు పనికొస్తుందని మీరనుకుంటున్న ముక్క.

పుక్కిలించండి. ఇటు, ఇటు ఒంగి. చొక్కా మీద పడిందా? మత్తు కదా, తెలియదు లెండి. తుడుస్తాను. మళ్ళీ వాలండి.

సరే, ఆ కంపెనీ. మొదట క్లోయి అని ఒకమ్మాయి. నెలకి ఆ అమ్మాయి మానేసింది, ర్యాన్ వచ్చాడు. ర్యాన్ తర్వాత ఎవరూ లేరు, ఉత్త మెసేజీలు. "మీ కేసు ముందుకు సాగుతోంది." ఎక్కడికి సాగుతోందో చెప్పేవాళ్ళు లేరు. మనిషి మొహం ఒక్కసారి చూడలేదు నేను. నా జీవితంలో అతి పెద్ద కాగితం మీద సంతకం పెట్టించినవాళ్ళు ఎదురుపడితే నేను గుర్తుపట్టలేను. మిమ్మల్నయితే పట్టాను.

క్లోయి ఉన్నప్పుడే ఒకరోజు ఫోన్. నేను మధ్యాహ్నం తిండి తింటున్నాను, బెవ్ పక్కనే ఉంది. ఆ అమ్మాయి ఎంత మర్యాదగా మాట్లాడిందనుకున్నారు! "మేడమ్, మీ వీధి పేరులో అక్షరం తప్పుంది. వీల్ అంటే చక్రం కదా, అందులో రెండు ఇ-లే, ఎ అక్షరం రాదు, ఎవరో తప్పు రాశారు. మా రికార్డుల్లో నేను సరిచేసేశాను, మీరు కంగారు పడకండి" అంది.

చక్రం!

వీల్ అంటే ఏమిటో మన ఊళ్ళో పాలు తాగే పిల్లని అడిగినా చెబుతుంది. వీల్ అంటే గని. వీల్ పేషెన్స్ అంటే పేషెన్స్ గని. మా తాత దిగిన గని, మీ తాత దిగిన గని. ఆ వీధికి ఆ పేరెందుకు వచ్చింది? దాని కింద తవ్వారు కాబట్టి వచ్చింది. మన పెద్దవాళ్ళు మనకి బోర్డు రాసి వీధి చివర పాతి మరీ పోయారు. ఆ పిల్ల దాన్ని చక్రం చేసి, తప్పు దిద్ది, ఫైలు మూసింది.

నేనేం చేశానో తెలుసా? నవ్వాను. ఫోన్ పెట్టేసి, బెవ్ భుజం మీద పడి, కడుపు పట్టుకుని నవ్వాను. వారం రోజులు ఆ కథ చెప్పాను, ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకీ. నోట్లో పత్తి పెట్టుకుని వాళ్ళూ నవ్వారు. నవ్వామే గానీ, అయ్యో, వీల్ అంటే చక్రం అనుకునేవాళ్ళు నా ఇంటి కింద ఏం వెతుకుతారే అని ఒక్కళ్ళకీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

వెతికారు, పాపం. రిపోర్టు పంపించారు. నాలుగు రంగుల్లో అచ్చేసి, ముద్ర కొట్టి. "ఈ స్థలం బొగ్గు గనుల ప్రాంతంలో లేదు. బొగ్గు తవ్వకాల వల్ల ప్రమాదం లేదు."

కార్న్‌వాల్‌లో బొగ్గు! మగవాడికి కడుపు లేదని డాక్టరు రాసిచ్చినట్టు. రెండువేల ఏళ్ళుగా ఇక్కడ తవ్వింది తగరం, కాదంటే రాగి. బొగ్గు ఓడల్లో వచ్చేది మనకి. వాళ్ళున్నవైపు గని అంటే బొగ్గు, అంతే. గనుల వెతుకులాట అనగానే బొగ్గు వాళ్ళకి డబ్బు కట్టి కాగితం తెప్పించారు. తగరానికి వేరే వెతికించాలని, ఆ పాత పటాలు వేరే చోట ఉంటాయని, ఈ ఊళ్ళో లాయరు గుమాస్తాకి కూడా తెలుసు. మూడొందల మైళ్ళ అవతల ఎవరికి తెలుస్తుంది?

మీకు తెలుసు.

చెయ్యి దించండి. నాకు తెలుసు మీరేం అంటారో. "అది ఆవిడ లాయరు చూసుకోవాల్సిన పని." ఎవరితో అన్నారో కూడా తెలుసు. అక్కడికే వస్తున్నాను.

ముందు ఆ రోజు సంగతి వినండి. పోయిన ఫిబ్రవరి. పది రోజులు వదలకుండా వాన. పొద్దున ఏడింటికి టీ కలుపుకుంటున్నాను. వాషింగ్ మెషీను తిరుగుతోంది, లోపల నా యూనిఫాంలు రెండు. తిరుగుతూ తిరుగుతూ కాస్త పక్కకి ఒరిగింది. నేల సరిగ్గా లేదేమో, అట్టముక్క పెడదాం అనుకున్నాను. చూడండి నా బుద్ధి, అట్టముక్క. ఇంకొంచెం ఒరిగింది. ఆ తర్వాత మెల్లగా, మర్యాదగా, ఎవరో కుర్చీలో కూర్చున్నట్టు, కిందికి కూర్చుంది. గోడలోంచి గొట్టం ఊడొచ్చింది. మెషీను కనపడలేదు.

చప్పుడు కోసం నిలబడ్డానండీ. టీ కప్పు పట్టుకుని. చాలాసేపటికి కింద ఎక్కడో నీళ్ళలో పడిన చప్పుడు. అప్పుడు వీధిలోకి పరిగెత్తాను, కప్పుతో సహా.

డెబ్భై అడుగులన్నారు ఫైరువాళ్ళు. పాత గని నుయ్యి. గని మూసిన రోజుల్లో పైన దుంగలు పరిచి, మట్టి కప్పి వదిలేశారు, ఆ మట్టి మీద ఎవరో వంటిల్లు కట్టారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నాకు ముందూ లేదు వెనకా లేదు, సరిగ్గా కాళ్ళ కింద. వంటింటి చుట్టూ కంచె వేశారు. పచ్చ తలుపుకి చెక్క కొట్టారు. బీమావాళ్ళు మొదటి పేజీ తిప్పి, పాత గనులకి మేము పూచీ కాదన్నారు. కంపెనీవాళ్ళు, అదే మన చక్రం వాళ్ళు, మా పని మేము చేశామన్నారు. బ్యాంకువాళ్ళు మాత్రం ఏమీ అనలేదు, నెల నెలా మామూలుగానే పట్టుకుంటున్నారు.

అప్పటికి కూడా నేను మిమ్మల్ని తిట్టుకోలేదు. నిజం. మా అమ్మ మీదొట్టు. ఈయనకేం తెలుసు పాపం, ఇళ్ళమ్మిపెట్టేవాడు అనుకున్నాను. నా ఖర్మ అనుకున్నాను. ఈ కుర్చీలో మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళు ఎవరు కూర్చున్నా ఒక్కటే చెప్పి పంపాను. మీ లాయర్ని ఒక్క మాటడగండి, వీల్ అంటే ఏమిటి అని. చక్రం అన్నాడా, లేచి వచ్చేయండి. ఈ మూణ్ణెల్లలో మీ నీలం కార్డు తీసుకున్నవాళ్ళు తగ్గారు కదూ? అదీ సంగతి. అది పగ కాదు, పరోపకారం. పగ తర్వాత వచ్చింది.

మూడు వారాల కిందట మీ అమ్మాయి వచ్చింది.

ఊఁ. మార్వెన్నా. ఇదే కుర్చీ. ఎక్సెటర్‌లో ఉద్యోగం కదా, అక్కడ పళ్ళవాళ్ళు లేరా, ఇంత దూరం వచ్చిందేమిటా అనుకున్నాను. కూర్చుంది. నేనింకా గ్లౌజులు కూడా వేసుకోలేదు. నా పేరు బిళ్ళ వంక చూసి బొటబొటా కన్నీళ్ళు. ఏడుపెందుకమ్మా, ఇంకా మొదలే పెట్టలేదు అన్నాను.

"ఆ ఇల్లు నేను కొనాల్సిందండీ" అంది.

పెంగెల్లీ గారూ, కళ్ళు మూసుకోకండి. వెలుగు ఎక్కువైందా? దీపం పక్కకి తిప్పుతాను. కళ్ళు మాత్రం తెరవండి.

నాకంటే ఆరునెలల ముందు. అదే ఏడో నంబరు. మీ కూతురికి ఊళ్ళో ఒక చిన్న ఇల్లుండాలని మీరే ఎంచారట. మంచిదే, కన్నతండ్రి. మరి లాయర్ని ఎవర్ని పెట్టారు? ఆ నీలం కార్డు మీ సొరుగులో అప్పుడూ ఉందిగా? పైనే ఉందిగా? సగం ఖర్చుగా?

అంగోవ్ గారిని పెట్టారు. డ్రెక్లీ అంగోవ్ గారిని. ఎనభై ఏళ్ళ ముసలాయన్ని, చెవిలో మిషను పెట్టుకునే ఆయన్ని. ఆయన అందరికంటే ముందు చేసిన పని తగరం పటాలు తెప్పించడం. వంటింటి కింద గని నుయ్యి, పటంలో ఎర్ర సున్నా. కాగితం మీ టేబులు మీదికొచ్చింది. మీరు చదివారు. మీ అమ్మాయిని వెనక్కి లాగారు. ఇంకో వీధిలో ఇంకో ఇల్లు చూద్దామన్నారు.

ఆర్నెల్ల తర్వాత ఆ వంటింట్లో నిలబడి, ఆ ఎర్ర సున్నా మీద నిలబడి, "ఇక్కడ వాషింగ్ మెషీను చక్కగా సరిపోతుంది బంగారం" అన్నారు నాతో.

చెయ్యి ఎత్తరేం? ఇప్పుడు నొప్పి లేదా?

పేపర్లో కుంగిన వంటింటి ఫోటో చూసి మీ అమ్మాయికి తెలిసిందట, ఆ ఇల్లు మీరు నాకు అమ్మారని. మిమ్మల్ని అడిగింది. అప్పుడన్నారు మీరు, "అది ఆవిడ లాయరు చూసుకోవాల్సిన పని" అని. నెల రోజులు ఆ మాట మింగలేక ఇక్కడికొచ్చింది. ఆ కాగితం ఇస్తానంది. వద్దమ్మా, నీ తండ్రి అన్నాను. అన్నానండీ, ఒకసారి. రెండోసారి అనలేదు. మర్నాడు కవరు తెచ్చి బెవ్ చేతిలో పెట్టి వెళ్ళింది.

దొంగ చేతికే తాళమిచ్చాం కదా అని ముందు రాత్రంతా బాధ. ఆ కవరు విప్పాక బాధ పోయింది. హాయిగా కోపం వచ్చింది. ఎన్ని నెలలకో అంత బాగా నిద్రపోయాను ఆ రోజు.

పైవరస అయిపోయింది. ఇంకొక్క పన్ను వెనకవైపు. ఇక్కడ గార రాయిలా ఉంది, ఎన్నేళ్ళదో. పట్టుకోండి కుర్చీ.

ఇప్పుడు మీ మనసులో ఒక ముక్క మెదులుతోంది, నాకు తెలుసు. చక్రం వాళ్ళు మీకు చెప్పే ఉంటారు. "ఆవిడే వద్దందిగా" అని. ఎప్పుడు మత్తు దిగుతుందా, ఎప్పుడు ఆ మాట నా మొహాన కొడదామా అని చూస్తున్నారు. మీకా కష్టం ఎందుకు, నేనే చెప్తాను.

నాకు పదిహేడేళ్ళప్పుడు మేము ఫిష్ స్ట్రీట్‌లో అద్దెకుండేవాళ్ళం. పంతొమ్మిదేళ్ళ ఇల్లు అది మా అమ్మకి. ఇంటివాడు దాన్ని వేసవి విడిది చేసి టూరిస్టులకి ఇచ్చుకోవాలనుకున్నాడు. బయట ఊళ్ళవాళ్ళని మనం చీమలంటాం చూడండి, ఆ చీమలకి. చీమలు పెట్టిన పుట్టలు పాముల పాలయ్యాయని సామెత. మనూళ్ళో అది కూడా తిరగబడింది, చీమలే వచ్చి పుట్టలు ఆక్రమించాయి. ఖాళీ చెయ్యమని నోటీసొచ్చింది. కింద సంతకం, అంగోవ్. అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో ఇప్పటికీ కళ్ళముందున్నాయి. మా అమ్మ ఆ నోటీసు మడిచి రొట్టెల డబ్బా కింద పెట్టింది, అక్కడ పెడితే జరగదన్నట్టు. రెండు నెలలకి ట్రక్కులో సామానేసుకుని, ఎవరో ఇచ్చిన కారవాన్‌లోకి వెళ్ళాం. అక్కడే పోయింది, మూడో చలికాలం.

ఆ గుమ్మం తొక్కను అనుకున్నాను. ఈ జన్మలో అంగోవ్‌కి నా చేత్తో ఒక్క పైసా ముట్టనివ్వను అనుకున్నాను. అందుకండీ బెవ్ మాట వినంది. చౌక అని కాదు. మీ కార్డు చూసి కాదు. ఊళ్ళో తగరం తెలిసిన ఇంటి లాయరు ఆయనొక్కడే, ఆయన దగ్గరికి తప్ప ఎవరి దగ్గరికైనా వెళ్తాను. మీరు ఆ రోజు కార్డు బదులు గాడిదని చూపించినా సంతకం పెట్టేసేదాన్ని.

ఇంకా ఉంది.

సంతకాలకి నాలుగు రోజుల ముందు, పోస్టాఫీసు బయట, ఆయనే నన్ను ఆపాడు. కర్ర ఆనించి, వానలో. "కెరెన్సా, నా దగ్గరికి రానక్కర్లేదు. ఎవరు చూస్తున్నారో వాళ్ళనే ఒక్క మాటడుగు. బొగ్గు కాదు, తగరం అని అడుగు. అంతకంటే నేను చెప్పకూడదు" అన్నాడు. మీ అమ్మాయి కేసు కదా, ఒకళ్ళ గుట్టు ఇంకొకళ్ళకి చెప్పకూడదు లాయరు. చెప్పగలిగినంత చెప్పాడు ముసలాయన. నోరు తెరవకూడని వాడు అంత తెరిచాడు. తెరవాల్సినవాళ్ళు మీరు.

నేనేమన్నానో తెలుసా? "ఈ సలహాకి ఫీజెంత?" అన్నాను. అని గొడుగు విప్పుకుని వచ్చేశాను. ఎంత బాగా అన్నానే అని దారంతా మురిసిపోయాను.

ఆ సాయంత్రమే ఫోన్లో వచ్చింది, చక్రం వాళ్ళ మెసేజీ. "మీ ప్రాంతానికి సంబంధించి అదనంగా ఏమైనా వెతికించాలా? అవును, వద్దు." వేలు పైన ఆడించానండీ. తగరం అని తెలుసు. గనివాడి మనవరాల్ని, నాకు తెలీదా? వీల్ అంటే ఏమిటో తెలీకనా నవ్వింది? ఆ ముసలాయన మొహం గుర్తొచ్చింది. ఆయన చెప్పింది చేస్తే ఆయన గెలిచినట్టు. మా అమ్మ రొట్టెల డబ్బా గుర్తొచ్చింది.

వద్దు మీద నొక్కాను.

కోపాన నూతిలో దూకితే సంతోషాన పైకి రాగలమా అని మా అమ్మ అంటూ ఉండేది. మాటవరసకి అనేది పాపం. నేను నిజంగా నుయ్యి కొనుక్కుని మరీ దూకాను. ఇల్లు కంటే పగ ముద్దొచ్చింది నాకు. ఇదీ నా తప్పు. ఇందులో మీ వాటా లేదు, ఇది పూర్తిగా నాది.

ఆఁ, చూశారా, కనుబొమలు లేచాయి. దొరికిందనుకుంటున్నారు. ఆగండి.

పోయిన సోమవారం అంగోవ్ గారి గుమ్మం ఎక్కాను. ఇరవై ఆరేళ్ళ తర్వాత. ఇదంతా, ఇప్పుడు మీకు చెప్పినదంతా, వద్దు నొక్కిన సంగతితో సహా ఆయనకి చెప్పాను. రాసుకోండి అన్నాను. రాసుకున్నారు. కింద సంతకం పెట్టాను. దాచుకుంటే కదండీ మీరు లాగి బయటపెట్టడానికి? అన్నీ బయటే ఉన్నాయి. నా గొయ్యి నేను కొలిచి చూపించాను.

ఆయన కలం పక్కన పెట్టారు. చెవి మిషను సర్దుకుని, "మీ అమ్మకి నోటీసు రాసింది నేనే. తప్పులేకుండా రాశాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు, తప్పు రాసుంటే బాగుండేదనిపించింది" అన్నారు. అంతే. టీ ఇచ్చారు. తాగాను. క్షమించానా అంటే తెలీదు. టీ మాత్రం తాగాను.

మీ అమ్మాయి కూడా ఆయనకి ఉత్తరం రాసిచ్చింది, తన కేసులో తెప్పించిన కాగితం చూపించుకోవచ్చు అని. నా తెలివితక్కువకి నాకు పడాల్సిన శిక్ష పడింది, అది డెబ్భై అడుగుల లోతుంది. కానీ లోపం తెలిసి దాచి ఇల్లమ్మడం తెలివితక్కువ కాదుటండీ, దానికి వేరే పేరుందట. ఇవాళ పదింటికి ఆ పేరు రాసిన ఉత్తరం మీ ఆఫీసులో ఇచ్చి రావాలి ఆయన గుమాస్తా. పదీ ఇరవై అయింది. అందుకే ఈ వేళకి పెట్టించాను మీ అపాయింట్‌మెంటు. చదివిన వెంటనే మీరు అందరికీ ఫోన్లు చేసి తియ్యగా మాట్లాడతారు, మీ నాలుక సంగతి నాకు తెలుసు. పన్నెండున్నర దాకా అది లేవదు.

అయిపోయింది. పుక్కిలించండి. మెల్లగా. మళ్ళీ కారుతోంది, ఇదిగో కాగితం, గడ్డం కింద. ఏమిటీ? "అఁ... ఇఁ..." అంటే నాకు అర్థం కాదండీ. తర్వాత చెబుదురు గాని. డ్రెక్లీ.

చిగుళ్ళు బాగా శుభ్రమయ్యాయి, కావాలంటే వేరేవాళ్ళకి చూపించుకోండి. వేడివి తాగకండి. పెదవి కొరుక్కుంటారు, జాగ్రత్త. మళ్ళీ ఆరునెలలకి బెవ్ దగ్గర రాయించుకోండి.

ఒక్క నిమిషం. కోటు జేబు ఇలా తిప్పండి. మీకిప్పుడు లాయరు కావాలి కదా. అంగోవ్ గారు కుదరరు, ఆయన నా వైపు. ఇదిగో, మీరు నాకిచ్చిన కార్డే, అప్పట్నుంచీ పర్సులోనే ఉంచాను. మంచివాళ్ళు. సగం ఖర్చు. అన్నీ ఫోన్లోనే.

ఏ వీధి ఇంటి గొడవ అని అడుగుతారు. అక్షరం అక్షరం విడదీసి చెప్పండి బంగారం. లేకపోతే చక్రం అనుకుంటారు.